‘స’ కింద బాణం

ఉదయం తొమ్మిదీ పదికి మూడో అంతస్తులో ఫోన్ మోగింది. కాపలా ఇన్‌చార్జి ఎత్తాడు. అవతల డైరెక్టర్ గొంతు. ఆ రోజు కోడ్ వర్డ్ పొల్లు పోకుండా చెప్పింది. "మనవాళ్ళని కిందకి పంపించు, లిఫ్ట్ దగ్గర ఇద్దరు చాలు" అంది. ఇన్‌చార్జి పంపించాడు. పన్నెండు నిమిషాల తర్వాత గదిలో దాచిపెట్టిన సాక్షి కుర్చీలోనే ప్రాణం వదిలి ఉన్నాడు. ముందున్న కప్పులో టీ ఇంకా చల్లారలేదు.

ఆ సమయానికి అసలు డైరెక్టర్ పదకొండు మంది చూస్తుండగా మీటింగ్‌లో కూర్చుని ఆవలింతలు ఆపుకుంటున్నాడు.

"నా గొంతుతో నా మనిషినే చంపించారు," అన్నాడు మర్నాడు బ్రీఫింగ్‌లో. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆయన పెద్దాయన. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన గొంతు పెంచడం ఎవరూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు. "అద్దం ముఠా పని. వాళ్ళ దగ్గర ఎవడో మిమిక్రీ ఆర్టిస్ట్ ఉన్నాడు. మామూలోడు కాదు."

గదిలో ఇంకో ముగ్గురున్నారు. మొదటివాడు పెద్దాయనకి డిప్యూటీ, మారుపేరు స్టాప్‌వాచ్. చేతిలో అది లేకుండా ఎవరూ చూడలేదు, పెళ్ళిలో కూడా ఉందని వినికిడి. రెండో మనిషి నెమలి. అద్దం ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. నిజానికి మన మనిషి, డబుల్ ఏజెంట్. పట్టు స్కార్ఫు, సన్నటి సెంటు వాసన, చేతి సంచిలో మన వర్క్‌షాప్ వాళ్ళే చేసిచ్చిన ఒక్క తూటా లిప్‌స్టిక్. ఆమె గదిలోకి వస్తే గుమాస్తాలు టై సర్దుకుంటారు.

మూడోవాడు తలకట్టు. యాభై నాలుగేళ్ళ మనిషి, బేస్‌మెంట్‌లో టేపులు విని రాసుకునే ట్రాన్స్‌క్రైబర్. అక్షరం కనబడితే దాని నెత్తినో కాళ్ళ దగ్గరో ఏదో ఒక గుర్తు పెట్టందే ఊరుకోడని క్యాంటీన్‌లో ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం సెక్షన్‌లో తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

"గురువారం ప్రొఫెసర్‌ని తరలించాలి," అన్నాడు పెద్దాయన. ఈ ప్రొఫెసర్ అవతలి దేశం నుంచి ఎనిమిదేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని పారిపోయి వచ్చిన లెక్కల మనిషి. అద్దం ముఠా సంకేత భాషను విప్పగలిగినవాడు ఇక అతనొక్కడే. "ఎయిర్‌ఫీల్డ్‌కి రెండు దారులు, వంతెన ఒకటి, సొరంగం ఒకటి. ఏ దారో చివరి నిమిషంలో నేనే వ్యాన్‌కి ఫోన్ చేసి చెప్తా. ఆ రోజు తెల్లారగానే నేను వేరే ఊరు పోవాలి. అక్కడ్నుంచే చేస్తా."

"సార్, ఫోన్ మానేస్తే పోలా?" అన్నాడు స్టాప్‌వాచ్.

"మానేస్తే వాళ్ళూ ఫోన్ చేయరు. చేయకపోతే దొరకరు. ఇవాళ కాకపోతే రేపు ఇంకొకణ్ణి చంపుతారు." పెద్దాయన తలకట్టు వైపు తిరిగాడు. "నువ్వు లైన్ మీద కూర్చో. వచ్చింది నేనో వాడో చెప్పు. నా గొంతు నాకంటే నీకే బాగా తెలుసు."

అది నిజమే. మామూలు రాతలో గుర్తుల పని తేలిక. క కి కొమ్ము తగిలిస్తే కు. ఎవరు పలికినా అదే కు. తలకట్టు రాసే రాతలో మాత్రం ఆ కు ఎవరి నోట్లోంచి ఎలా వచ్చిందో కూడా పడాలి. అక్షరం కింద రెండు చుక్కలు పెడితే గొంతులో ఊపిరి కలిసిందని. అలలాంటి గీత గీస్తే గరగర. స కింద పైకి చూస్తున్న చిన్న బాణం వేస్తే అందులో ఈల ఉందని. ఒక్క నిమిషం టేపుని అలా రాయడానికి గంట పడుతుంది. ఏ గొంతు ఎవరిదో తేల్చాల్సి వచ్చినప్పుడు డిపార్ట్‌మెంట్ ఆ కాగితాలే ముందు పెట్టుకుంటుంది.

అతని పద్ధతి ఒకటుంది. టేపులో శబ్దం వినగానే, వేళ్ళు గొంతుకి ఆనించుకుని, దాన్ని తన నోట్లో పలికి చూసుకుంటాడు. నాలుక సరైన చోటికి వెళ్ళిందని నమ్మకం కుదిరాకే పెన్సిల్ కదులుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆ లెక్కన అతని నోట్లో ఓ మూడు వందల మంది కాపురం ఉంటున్నారు. ఇంట్లో మాత్రం అతనొక్కడే. అక్క నెలకోసారి ఫోన్ చేసి "తిన్నావా" అని అడుగుతుంది, జవాబు పూర్తయ్యేలోపు పెట్టేస్తుంది.

"నా గొంతు రాసిన ఫైల్ ఎవరైనా చూశారా?" అని అడిగాడు పెద్దాయన.

"సేఫ్‌లో ఉంది సార్. సీల్ కదల్లేదు," అన్నాడు స్టాప్‌వాచ్.

తలకట్టు చెప్పాల్సింది ఒకటుంది. ఎదురుగా నెమలి స్కార్ఫు అంచు సవరించుకుంటూ అతని వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆమె మన మనిషే కదా అనుకున్నాడు. చెప్పలేదు.

చెప్పాల్సిన సంగతి ఏడు నెలల కిందటిది. ఓ బుధవారం మధ్యాహ్నం నెమలి బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చి, "మాస్టారూ, ఈ గుర్తులు చదవడం నాకు నేర్పుతారా? ముఠాలో పనికొస్తుంది," అంది. ఆ గదిలోకి పనిలేకుండా మనిషి రావడం అదే మొదలు. ఇంకో కుర్చీ లేకపోతే టేపుల పెట్టె తిరగేసి కూర్చుంది. తర్వాతి బుధవారానికి తలకట్టు స్టోర్స్ వాళ్ళని బతిమాలి ఒక కుర్చీ తెచ్చిపెట్టాడు.

ఆమె కాగితం చూసి పైకి చదివేది. తప్పు పలికితే తనే నవ్వేది. ఓ రోజు "నా గొంతు కూడా రాయండి మాస్టారూ" అంది. రాశాడు. దాదాపు ప్రతి అచ్చు కిందా రెండు చుక్కలు పడ్డాయి, మాటలోకి ఊపిరి అంతలా కలిసేది. అది రాస్తున్నంతసేపూ అతనికి చెవులు వేడెక్కాయి. యాభై దాటినవాడికి ఇదేం రోగమని తనని తనే తిట్టుకున్నాడు. ఇష్టపడ్డాడు, అంతే. వారంలో మిగిలిన ఆరు రోజులూ ఆ ఒక్క మధ్యాహ్నానికి ముందూ వెనకా అయిపోయాయి.

ఆ రోజుల్లోనే పెద్దాయన గొంతు ఫైల్ తయారవుతోంది. ఆమె సాధన కోసం చిత్తు ప్రతి ఒకటి ఇచ్చాడు. రూల్ ప్రకారం అది తప్పు, అతనికి తెలుసు. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఆ కాగితాల్లోనే ఉంది. అదే వారం అతని పై వరుసలో ముందు పన్ను పీకారు, కట్టుడు పన్ను రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ పెద్దాయన పలికిన ప్రతి స నీ తన తొర్రి నోట్లో పలికి చూసుకుని, ఈల వినబడుతోందని, కింద బాణం వేశాడు. పన్ను వచ్చాక టేపు మళ్ళీ వింటే ఈల లేదు. పెద్దాయన నోట్లోని స శుభ్రంగా ఉంది. ఈల తనది. ట్రాన్స్‌క్రైబర్ అనేవాడు చచ్చినా చేయకూడని తప్పు అది, తన నోటిని ఎదుటివాడి నోట్లో పెట్టడం.

అసలు ఫైల్‌లో పదిహేడు బాణాలూ రబ్బరుతో తుడిచేశాడు. ఆమె ప్రతి దిద్దలేదు. దిద్దాలంటే వెనక్కి అడగాలి. వెనక్కి ఇచ్చేస్తే బుధవారాలు రావడానికి ఆమెకి ఇంకేం పని ఉంటుంది? అందుకని ఊరుకున్నాడు. ఎలాగూ మూడో నెల దాటాక ఆమె రావడం మానేసింది. కుర్చీ మాత్రం అక్కడే ఉండిపోయింది.

గురువారం పదకొండు గంటలకు వినికిడి యంత్రాలు అమ్మే ఒక చిన్న దుకాణం వెనక గదిలో లైన్ తెరిచారు. ముందు గదిలో బోర్డు, గాజు బీరువా, రబ్బరు చెవుల నమూనాలు. తలకట్టుకి సేల్స్‌మన్ తెల్లకోటు తొడిగారు. ఆ వేషం అతనికి ఎంత నప్పిందంటే, నిజమైన కస్టమర్ ఒకావిడ వచ్చి బేరమాడి, తగ్గించనన్నాడని విసుక్కుని వెళ్ళిపోయింది.

వెనక గదిలో టెక్నీషియన్, స్టాప్‌వాచ్, నెమలి ఉన్నారు. ముఠా ఎలా ఆలోచిస్తుందో చెప్పడానికి ఆమె ఉండాలన్నది స్టాప్‌వాచ్ ఆలోచనే. బల్ల మీద కొత్త వాయిస్ అనలైజర్. వచ్చిన గొంతుని అసలు టేపుతో పోల్చి ఎంత శాతం కలిసిందో అంకె చూపిస్తుంది. పక్కన వ్యాన్ ఫోన్‌లోకి మాట్లాడే మైకు. డ్రైవర్‌కి ఒకటే ఆర్డర్. పెద్దాయన గొంతు తప్ప ఎవరి మాటా వినకూడదు, పెద్దాయన ఆఖరున ఏం చెప్తే అది చేయాలి.

పదకొండూ ఇరవైకి మొదటి కాల్ వ్యాన్‌కి వెళ్ళింది. ఇక్కడ అందరూ విన్నారు.

"దేదే. వతెద బీద వెళ్ళు."

కోడ్ వర్డ్ చెప్పి పెట్టేసింది గొంతు. ముక్కు పూర్తిగా మూసుకుపోయిన మనిషి మాట అది. న అంతా ద అయింది, మ అంతా బ అయింది. వంతెన మీద వెళ్ళమంటున్నాడని తెలుసుకోవడానికి స్టాప్‌వాచ్‌కి నాలుగు సెకన్లు పట్టింది. అనలైజర్ అరవై ఒకటి చూపించింది.

"జలుబు నటిస్తే ఎవడి గొంతైనా దాచేయొచ్చు," అన్నాడు స్టాప్‌వాచ్. "ఇతనే వాడు."

"ఇంకోటి వస్తుందేమో చూద్దాం," అంది నెమలి.

పదకొండూ ఇరవై ఏడుకి వచ్చింది.

"సరే, సంగతి విను. ఇందాక మాట్లాడింది నేను కాదు. వంతెన వద్దు. సొరంగం దారిన పో. స్పీడ్ తగ్గించకు."

కోడ్ వర్డ్ సరిపోయింది. అనలైజర్ తొంభై ఎనిమిది చూపించింది. టెక్నీషియన్ హమ్మయ్య అన్నాడు. వ్యాన్‌లోంచి డ్రైవర్ "అలాగే సార్" అనడం వినబడింది. అతని వెనక నుంచి ఓ చిన్నపిల్ల "నాన్నా, సొరంగంలో లైట్లుంటాయా?" అని అడుగుతోంది.

తలకట్టు నాలుక తనంతట తనే కట్టుడు పన్ను వెనక్కి వెళ్ళింది. సరే, సంగతి, సొరంగం, స్పీడ్. నాలుగు స లు, నాలుగింట్లోనూ సన్నటి ఈల. టెలిఫోన్ తీగ మీద స లాంటి శబ్దాలు సగం నలిగిపోతాయి కాబట్టి అనలైజర్‌కి వాటిని వదిలేయమని నేర్పారు. చెవికి ఎవరూ అలా నేర్పలేదు. ఆ ఈల పెద్దాయనది కాదు. ఈ లోకంలో పదిహేను రోజుల పాటు ఒక్క మనిషే అలా పలికాడు. ఇన్నేళ్ళలో తనలా మాట్లాడిన ఇంకో మనిషిని తలకట్టు వినడం అదే మొదటిసారి. అతనికి భయం కంటే ముందు ఏడుపు వచ్చినంత పనయింది.

"రెండోది దొంగ గొంతు," అన్నాడు.

"మెషీన్ తొంభై ఎనిమిది అంటోంది," అన్నాడు స్టాప్‌వాచ్. "నాలుగు నిమిషాల్లో వ్యాన్ దారులు చీలే చోటికి వస్తుంది. ఆధారం చెప్పు."

ఆధారం చెప్పాలంటే చిత్తు ప్రతి గురించి చెప్పాలి. అది ఎవరి దగ్గరుందో చెప్పాలి. చెప్పాక తన ఉద్యోగం ఎలాగూ ఉండదు. అది సరే, ఉద్యోగం పోతే పోయింది. కానీ ఆ బేస్‌మెంట్‌కి నడిచి వచ్చిన ఒకే ఒక్క మనిషిని తన నోటితోనే అప్పగించాలి. తెలియడం లేదంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. మెషీన్ చెప్పినట్టే చేశామంటారు. వ్యాన్‌లో ఆ పిల్ల ఇంకా లైట్ల గురించే అడుగుతోంది.

"వద్దు మాస్టారూ," అంది నెమలి. పక్కవాళ్ళకి వినబడనంత మెల్లగా.

ఆ రెండు మాటల్లో ఊపిరి లేదు. గట్టిగా, పొడిగా ఉన్నాయి. బుధవారాల్లో అతను అచ్చుల కింద అంత మురిసిపోయి పెట్టిన చుక్కలు ఆమెవి కావు. అన్ని వారాల్లో ఒక్కసారి కూడా ఆమె సొంత గొంతుతో తనతో మాట్లాడలేదు. అది తెలిశాక ఎక్కడో పుటుక్కుమంది. కోపం రాలేదు. ఊరికే చాలా అలసట వచ్చింది.

"ఆ స నాది," అన్నాడు తలకట్టు. "పన్ను లేనప్పుడు పొరపాటున పెద్దాయన స కింద ఈల గుర్తు పెట్టాను. ఫైల్‌లో దిద్దేశా. దిద్దని ప్రతి ఒకటుంది. ఈ గొంతు దాన్ని చూసి నేర్చుకుంది."

"ఆ ప్రతి ఎవరి దగ్గరుంది?"

"ఈవిడ దగ్గర."

అతను ఆమె వైపు చూడలేదు. స్టాప్‌వాచ్ చూశాడు. అప్పటికే నెమలి లేచి నిలబడి ఉంది, చేతిలో లిప్‌స్టిక్. అది పెదాలకి పూసుకునేది కాదని గదిలో అందరికీ తెలుసు.

"రెండు నిమిషాలు," అన్నాడు స్టాప్‌వాచ్, ఆమె మీద నుంచి కళ్ళు తీయకుండా. మైకు దగ్గరికి లాక్కుని అరిచాడు. "వ్యాన్! సొరంగం వద్దు! వంతెన ఎక్కు! నేను డిప్యూటీని!"

"క్షమించాలి," అంది డ్రైవర్ గొంతు చాలా మర్యాదగా. "మీరెవరో నాకు తెలీదు. పెద్దాయన చెప్తేనే వింటా."

రూల్ రాసింది స్టాప్‌వాచే. డ్రైవర్ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు.

తలకట్టు వేళ్ళు గొంతుకి ఆనించుకున్నాడు. లిప్‌స్టిక్ గొట్టం అతని కణత వైపు తిరిగింది. అతను మైకు మీదకి వంగాడు. రెండో కాల్ దొంగదైతే మొదటిది పెద్దాయనదే. అంటే ఆయనకి ఈ రోజు నిజంగానే జలుబు చేసింది. ముక్కు లోపలి దారి మూసేశాడు. నాలుక వెనక భాగం కాస్త కిందకి దింపాడు. పెద్దాయన పొద్దున లేవగానే గొంతులో ఉండే గరగరని అడుగున పరిచాడు. స ని మాత్రం శుభ్రంగా ఉంచాలి.

"ఒరేయ్," అన్నాడు. "దా జలుబుకి తోడు ఈ దొగ వెధవలొకరు. సొరగబ్ గిరగబ్ ఏబీ లేదు. దేదు చెప్పిది విదు. వతెద ఎక్కు."

టెక్నీషియన్ ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు, పెద్దాయన ఎప్పుడొచ్చాడా అని.

లైన్‌లో ఒక్క క్షణం ఇంజిన్ చప్పుడే వినబడింది. తర్వాత బ్రేకు కీచుమంది, పిల్ల కిలకిలా నవ్వింది, ఏదో డబ్బా దొర్లింది.

"వంతెన ఎక్కేశా సార్," అన్నాడు డ్రైవర్. "పొద్దున స్టేషన్‌లో దింపినప్పుడు అన్ని తుమ్ములు తుమ్మారే, ఇందాక అంతలోనే జలుబు ఎలా తగ్గిందా అనుకున్నా. పెద్దవాళ్ళని అడగడం ఎందుకని ఊరుకున్నా."

స్టాప్‌వాచ్ బటన్ నొక్కాడు. దారులు చీలే గీత దగ్గరికి ఇంకా మూడు సెకన్ల దూరం ఉందనగా వ్యాన్ తిరిగింది.

గొట్టం ఇంకా తలకట్టు కణత దగ్గరే ఉంది. అతను కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. లిప్‌స్టిక్ మూత బిగించిన చప్పుడు చిన్నగా వినబడింది. నెమలి దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు ముందుకి చాచింది. టెక్నీషియన్ బేడీలు వెతుక్కునేలోపు స్కార్ఫు తీసి మడత పెట్టుకుంది కూడా.

సొరంగంలో రోడ్డు రిపేరు బట్టలు వేసుకున్న ఆరుగురు ఒక లారీతో సహా దొరికారు. మిమిక్రీ ఆర్టిస్ట్ సాయంత్రానికి ఒక హోటల్ గదిలో దొరికాడు. ఒకప్పుడు రేడియో నాటకాల్లో వేసినవాడు. గోడ నిండా తలకట్టు చేతిరాత అంటించుకుని ఉన్నాడు. పనిమంతుడు, బాణం కనబడిన చోటల్లా ఈల వేశాడు. అలా వేయడానికి ఎన్ని వారాలు కష్టపడ్డాడో గర్వంగా చెప్పుకున్నాడట. ప్రొఫెసర్, అతని కూతురు అనుకున్న వేళకే విమానం ఎక్కారు.

నెల రోజులకి పెద్దాయన తలకట్టుని పిలిపించాడు. బల్ల మీద నాలుగు అట్టపెట్టెలున్నాయి.

"చిత్తు ప్రతి బయటికి ఇచ్చినందుకు నిన్ను పీకేయాలి," అన్నాడు. "పీకేస్తే ఇవి రాసేవాడు లేడు. ఆమె విచారణ టేపులు. నూట నలభై గంటలు. ముఠా గురించి అంతా చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆ రోజు నిన్ను ఎందుకు కాల్చలేదని పదకొండు సార్లు అడిగారు. పదకొండు సార్లూ నీళ్ళు తాగింది."

తలకట్టు పెట్టెల వైపు చూశాడు. "ఏ గొంతుతో మాట్లాడింది సార్?"

"అంటే?"

"ఏం లేదు సార్."

"మాటలు రాస్తే చాలు," అన్నాడు పెద్దాయన. "నీ చుక్కలూ బాణాలూ అక్కర్లేదు. నెల రోజుల్లో అయిపోతుంది."

"గుర్తులు ఉండాలి సార్. లేకపోతే ఏం చెప్పిందో తెలుస్తుంది గానీ, ఎలా చెప్పిందో తెలీదు."

"నిమిషానికి గంట పడుతుంది నీకు. అంటే నాలుగేళ్ళు."

"నా రిటైర్మెంట్ కూడా అప్పుడే సార్."

పెద్దాయన ఫారం ముందుకి జరిపి పెన్ను ఇచ్చాడు.

నాలుగేళ్ళ పాటు ఒకే మనిషి గొంతు వింటానని తలకట్టు సంతకం పెట్టాడు. మామూలు జనం దీన్ని పెళ్ళంటారు. డిపార్ట్‌మెంట్ రిజిస్టర్‌లో మాత్రం ‘పెండింగ్ వర్క్’ అని పడింది.